గద్వాల పెద్దమ్మకు మోసుకెళ్ళిన కబురు

గద్వాల వెళ్ళొచ్చానంటే మా కరీంనగర్‌లో అందరూ రెండే అడిగారు. కోట చూశావా, చీర తెచ్చావా అని. కోట లోపలికి నేను పోలేదు. చీరల దుకాణాల ముందు నుంచి ఆటోలో పోయానే గానీ దిగలేదు. వాటి కోసం దీన్ని చదువుదామనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను, అవి ఇందులో లేవు. నేను వెళ్ళింది మా అమ్మ తోడబుట్టినవాళ్ళను చూడడానికి. మా అమ్మ పోయాక.

మా అమ్మ రంగమ్మది పాలమూరు దిక్కు. గోపాల్‌పేట దగ్గరి ఊళ్ళో పుట్టి, పెళ్ళయి కరీంనగర్ వచ్చింది. కొత్తలో ఆమె మాట విని అత్తగారింట్లో నవ్వారట. మెల్లగా మా మాటలే నేర్చుకుంది. మాకు ఊహ వచ్చేసరికి ఆమె నోట పాలమూరు మాట ఒక్కటి కూడా వినబడేది కాదు. పుట్టినింటి సంగతులూ ఎక్కువ చెప్పేది కాదు. గద్వాలలో అక్క, నాగర్‌కర్నూల్‌లో తమ్ముడు ఉన్నారని తెలుసు. తమ్ముడు వచ్చి పోయేవాడు. అక్కతో పండుగకో పబ్బానికో ఫోన్లో నాలుగు మాటలు, అంతే. రాకపోకలు లేవు. ఎందుకు లేవో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాయన పక్షవాతంతో రెండేండ్లు మంచంలో ఉన్నాడు. నేను కర్రీ పాయింట్ నడుపుతాను. పొద్దున కూరలు వండి వాళ్ళింటికి పంపేదాన్ని, సాయంత్రం పోయి కూర్చునేదాన్ని. ఆయన్ని తిప్పి పడుకోబెట్టడం, ఒళ్ళు తుడవడం, నోట్లో పెట్టడం అన్నీ అమ్మే. ఆ రెండేండ్లూ తన కడుపులో నొప్పి ఉందని ఎవరికీ చెప్పలేదు. మాఘమాసంలో నాయన పోయాక దవాఖానకు తీసుకుపోతే, చాలా ఆలస్యమైందన్నారు. ఆ మాట నా తమ్ముడూ నేనూ ఆమెకు చెప్పలేదు. "నాకేమైందే?" అని అడిగితే, "లోపల పుండైందట, మందులకు మానుతది" అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. మళ్ళీ అడగలేదు.

చివరి రోజుల్లో ఆమెకు పుట్టినింటి మాట తిరిగి వచ్చింది. "జర నన్ను గద్వాలకు తోల్కపోవే, మా అక్క తాన కూసోని వస్త" అనేది. "నీకు నెమ్మది కానీ, పోదాం" అనేదాన్ని. నెమ్మది కాదని నాకు తెలుసు. కారు మాట్లాడుకుంటే ఒక్క పూటలో పోయేవాళ్ళం. శ్రావణంలో ఆమె పోయింది.

మా దిక్కు చావు కబురు తెలిస్తే చుట్టాలు పలకరింపుకు వస్తారు. మామకు మోకాళ్ళు పట్టుకుపోయాయి, పెద్దమ్మకు చూపు లేదు. రాలేకపోయారు. వాళ్ళ దగ్గరికి నేనే పోయి, కలిసి ఏడ్చి వద్దామనుకున్నాను. శివరాత్రి ముందు, చలి తగ్గుతుండగా బయలుదేరాను.

కృష్ణ దాటాక

కాచిగూడలో రైలెక్కాను. నా ఎదుట కర్నూలు పోయే ముసలి దంపతులు కూర్చున్నారు. ఆమె దారంతా బత్తాయి ఒలిచి ఆయన చేతిలో పెడుతూనే ఉంది. ఆయన తింటూనే ఉన్నాడు. మాట్లాడుకోవడం నేను వినలేదు. వాళ్ళను చూడకూడదని కిటికీ వైపు తిరిగాను. మహబూబ్‌నగర్ దాటాక నేల మారింది. మా దిక్కు కాలువలు, వరిపొలాలు. ఇక్కడ ఎర్రమట్టి, గుండ్లు గుండ్లుగా బండలు, మధ్యలో పల్లీచేలు. కృష్ణ మీద వంతెన వస్తోందని ఎవరో అనగానే అందరూ చిల్లర తీసి నదిలో వేశారు. నేను సంచిలో పర్సు వెతికేలోపు వంతెన అయిపోయింది.

గద్వాల స్టేషన్ బయట బండి దగ్గర ఒగ్గాని తిన్నాను. మరమరాలు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన రెండు మిర్చి బజ్జీలు. అన్నీ కలిపి ముప్పై రూపాయలు. మా ఊళ్ళో మరమరాలంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ దానితోనే కడుపు నింపుతారు. బండాయన రాయచూరు ప్రయాణికులతో కన్నడం, నాతో తెలుగు మాట్లాడుతూ ఒక్క చేత్తో బజ్జీలు తిప్పుతున్నాడు. నా మాట విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. కరీంనగర్ అన్నాను. "మా అమ్మది ఇక్కడే" అని కూడా అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఆయన అడగలేదు.

పెద్దమ్మ ఇల్లు

మా పెద్దమ్మ నర్సమ్మ కొడుకు వెంకటేశన్న. ఎరువుల దుకాణం నడుపుతాడు. వీధి మొదట్లోనే ఎదురొచ్చి నన్ను ఆపేశాడు.

"చెల్లె, ఫోన్ల చెప్పలేకపోయిన. అమ్మకు మేము ఏం చెప్పలే. మీ నాయన సంగతి చెప్పలే, చిన్నమ్మ సంగతి గూడ చెప్పలే. గుండె కమ్‌జోర్ ఉన్నదని డాక్టరన్నడు. జర సంభాలించు."

నాకు కాసేపు అర్థం కాలేదు. "మరి ఫోన్ అడగదా?"

"అడుగుతది. చిన్నమ్మకు గొంతుల గడ్డలైనయి, మాట్లాడొద్దన్నరు అని చెప్పినం. సంక్రాంతికి గూడ గదే చెప్పినం."

ఏడవడానికి వచ్చినదాన్ని ఏడవొద్దంటున్నారు. తిరిగి పోదామా అనిపించింది. కానీ సంచి అప్పటికే అన్న చేతిలో ఉంది.

పెద్దమ్మ వసారాలో మంచం మీద కూర్చుని తడుముతూ పల్లీలు ఒలుస్తోంది. కళ్ళకు ఆపరేషన్ చేయించినా చూపు రాలేదు, వెలుగు నీడ తెలుస్తాయంతే. దగ్గరికి పోయి "బాగున్నవా?" అన్నాను. అంతే అన్నాను.

ఆమె చేతిలో పల్లీలు కింద పడిపోయాయి. "రంగీ! గొంతు వచ్చెనా నీకు?"

నా గొంతు అమ్మ గొంతులా ఉంటుందని ఇంట్లో అనేవాళ్ళు. ఫోనెత్తితే చుట్టాలు పొరబడేవాళ్ళు. అన్న వైపు చూశాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. పెద్దమ్మ నా చెయ్యి దొరకబుచ్చుకుని మణికట్టు తడిమింది. గాజులు చప్పుడయ్యాయి.

"గాజులున్నయి. మరిది సల్లగున్నడన్నట్టు. ఎట్లుండు? నడుస్తుండా?"

"ఉన్నడు" అన్నాను. వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రమంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు చేను కావలి పోయిన సంగతులు, తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన సంగతులు చెబుతూ పోయింది. అమ్మ మాకు ఒక్కటీ చెప్పనివి. నేను ఊ కొడుతూ విన్నాను. వినాలనే ఉండింది, నిజం చెప్పాలంటే. అమ్మ చిన్నపిల్లగా ఒకచోట ఇంకా బతికి ఉన్నట్టుంది. దీపాలు పెట్టే వేళ, ఉన్నట్టుండి ఆమె గొంతు తగ్గించింది.

"అమ్మ పోయినప్పుడు నీకు కబురు చెయ్యకపోతి. నాది తప్పే, రంగీ. అప్పుడు నాకు గదే మంచిదనిపిచ్చె. నువ్వు గడప బయటనే నిలవడి తిరిగిపోతివి. ఒక్క తిట్టన్న తిట్టకపోతివి. తిడితే నాకు నయముండె."

నాకు ఆ సంగతేమీ తెలియదు. ఆమె మొహం నా వైపు తిప్పి, కదలకుండా ఎదురుచూస్తోంది. చూడలేకపోయాను.

"ఏం కాదులే అక్కా" అన్నాను.

పెద్దమ్మ నా చెయ్యి తీసి తన చెంపకు పెట్టుకుంది. ఆ పూట రొట్టె ఇంకోటి అడిగి తిన్నదని వదిన ఆశ్చర్యపోయింది.

తెల్లారి, నాగర్‌కర్నూల్‌లో తమ్ముణ్ణి చూసి వస్తానని చెప్పి బయలుదేరాను. పెద్దమ్మ దగ్గరుండి వదినతో నువ్వులద్దిన సజ్జరొట్టెలు చేయించింది. బట్టలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. "మరిదికి. పెండ్లైన కొత్తల మా ఇంటికొస్తే గివ్వే అడిగి పెట్టిచ్చుకునె. పండ్లు లేకపోతే పాలల్ల నానేసి పెట్టు" అంది.

వనపర్తి బస్టాండు

ఎర్రవల్లి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాను. నాగర్‌కర్నూల్ బస్సు అనుకుని ఎక్కినది ఆత్మకూరుదట. కండక్టర్ కేకేసి దింపేసరికి అసలు బస్సు పోయింది. మళ్ళీ బస్సుకు చాలాసేపు ఉందన్నారు. వనపర్తిలో రాజుల మేడ ఉంది, చూసి రమ్మన్నాడు సోడా అమ్మే ఆయన. కాళ్ళు లేవలేదు.

నా పక్కన బెంచీ మీద ఒక ఆమె పెద్ద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెడలో చిన్న సిలువ. పెద్దమందడి బస్సు కోసం చూస్తోంది. పేరు మరియమ్మ అని చెప్పింది. పుణె దిక్కు కట్టడం పనికి పోయి, తమ్ముడి బిడ్డ పెండ్లికి వస్తోందట. అక్కడ టీ పదిహేను రూపాయలు, ఇక్కడ పది, అయినా ఇక్కడిదే అసలు టీ లెక్క ఉంటదని నవ్వింది. నాకు కూడా ఒకటి తెప్పించింది, వద్దంటే వినలేదు.

ఆకలేసి రొట్టెల మూట విప్పాను. ఆమెకూ ఒకటిచ్చాను. తుంచి నోట్లో పెట్టుకోబోతూ వాసన చూసి, "మంచిగ కాల్చిండ్రు. ఎవరు చేసిరి?" అంది.

"మా పెద్దమ్మ చేయించింది, మా నాయన కోసం."

"మరి నాయనకు తీస్కపోకుండ మనమే తింటుంటిమి?"

ముక్కూ మొహం తెలియని మనిషి కాబట్టేమో, అంతా చెప్పేశాను. నాయన, అమ్మ, గొంతులో గడ్డలు, గాజులు, అన్నీ. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది. విని, తుంచిన ముక్కను రొట్టె మీద పెట్టి, రొట్టెను నా బట్టలోకే జరిపింది.

"ఏమనుకోకు అక్కా. పోయినోళ్ళ పేర పెడితే తింట. గామె ఉన్నడనుకొని పంపింది. నాకు మింగుడు వడదు."

కోపంగా అనలేదు. మెల్లగానే అంది. ఆమె బస్సు రాగానే మూట నెత్తికెత్తుకుని, నా భుజం మీద చెయ్యేసి, ఎక్కిపోయింది. నేనూ రొట్టె తినలేకపోయాను. మూట మళ్ళీ కట్టాను.

నాగర్‌కర్నూల్‌లో మామ

గోపాల్‌పేట మీదుగా పోయే బస్సు దొరికింది. అమ్మ పుట్టిన ఊరి దారి ఎటు చీలుతుందో కండక్టర్‌ను అడుగుదామనుకున్నాను. నిలబడ్డవాళ్ళ మధ్య ఆయన నా దాకా రాలేదు. గోపాల్‌పేట వెనకబడ్డాక వచ్చి టికెట్ ఇచ్చాడు.

బాలయ్య మామ నన్ను చూడగానే మంచం మీంచే చేతులు చాచి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఈ యాత్రలో నేను అనుకున్నట్టు జరిగింది అదొక్కటే. అత్త జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మేం పుంటికూరలో నువ్వులు వేస్తాం. ఇక్కడ పల్లీల పొడి వేస్తారు. అమ్మ మా ఇంట్లో ఎప్పుడైనా పల్లీల పొడి వేస్తే నాయనమ్మ పళ్ళెం జరిపేసేదట. అత్తకు ఈ సంగతి చెబితే, "పాపం, నోరు సంపుకొని తిన్నది" అంది.

తిన్నాక, గద్వాలలో పెద్దమ్మ అన్న మాట గురించి మామను అడిగాను. ఆయన అత్త వైపు చూసి, తర్వాత చెప్పాడు.

"మా అమ్మ ఆఖరి దినాలల్ల పెద్దక్క కాన్నే ఉండె. నేను బొంబాయిల మట్టి పనికి పోయి ఉంటి. అప్పుడు మీ అమ్మ కడుపుతోటి ఉన్నది. అంతకుముందు రెండుసార్లు నిలవలే. అమ్మ పోయిందంటే ఈ కడుపు గూడ నిలవదని అక్క భయపడె. ఎవరు చెప్పొద్దని ఒట్టేయిచ్చుకునె. తొలి కాన్పుకు తోల్కరాకుంటె మీ అమ్మ ఎంత బాధపడెనో. అమ్మకు పానం బాగలేదని ఏందో సాకు చెప్పిరి."

"తర్వాత?"

"బిడ్డ పుట్టినంక, మా అమ్మకు సూపిద్దామని తనే ఎత్తుకొని వచ్చె. గద్వాలల ఇంటి ముంగట నిలవడి చూస్తే, మా అమ్మ మంచం గోడకు నిలవెట్టి ఉన్నది. గంతే, తెలిసిపాయె. లోపలికి అడుగు పెట్టలే. అదే ఎండల తిరిగిపాయె. ఆ బిడ్డవు నువ్వే."

మామ మళ్ళీ అందుకున్నాడు.

"నాతోని ఒక్కసారి అన్నది. 'తమ్ముడా, అమ్మ పోయినందుకు గాదు. అమ్మ పోయిన దినాల నేను పుల్ల మామిడికాయ తిన్కుంట, నవ్వుకుంట ఉన్న. గది నా మనసుల నుంచి పోతలేదు' అన్నది."

సంక్రాంతికి పెద్దమ్మ అరిసెలు చేయించి, చెల్లెలి గొంతు బాగుపడాలని దీపం పెట్టిందని వదిన నాకు చెప్పి ఉంది. ఆ దీపం గుర్తొచ్చింది. దవాఖాన మంచం మీద "నాకేమైందే?" అన్న అమ్మ కూడా గుర్తొచ్చింది. ఆమెకు తెలిసి ఉంటే ఎవరిని పిలిపించుకునేదో, ఏం చెప్పుకునేదో, ఇక తెలియదు.

"నేను మళ్ళ గద్వాల పోత మామా" అన్నాను.

"పెద్దక్క తట్టుకోకపోతే?"

"తెల్వదు."

మామ వద్దనలేదు, పొమ్మననూ లేదు. అత్త మాత్రం నా సంచిలో పల్లీలు పోసి, రొట్టెల మూట తీసి తానే పెరట్లో బర్రెకు పెట్టింది.

మళ్ళీ గద్వాల

ఈసారి అన్న దుకాణానికే ముందు పోయాను. విషయం చెబితే ఆయన మొహం ఎర్రబడింది.

"ఇన్ని నెలలు కడుపుల పెట్టుకొని కాపాడుతున్నం. నువ్వు రెండు దినాలు వచ్చి చెప్పి పోతవా? ఏమన్న అయితే?"

ఆయన అన్నది తప్పు కాదు. ఆమెను చూసుకుంటున్నది ఆయన, నేను కాదు. "అన్నా, ఆమె నన్ను మా అమ్మ అనుకొని మాట్లాడుతుంది. నేను మోయలేకపోతున్న" అన్నాను. ఆయన త్రాసు పళ్ళెం తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత షట్టర్ దించి నాతో వచ్చాడు.

పెద్దమ్మ నా అడుగుల చప్పుడుకే, "రంగీ, తమ్ముడు ఎట్లుండు?" అంది. నేను కింద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"పెద్దమ్మా, నేను రంగమ్మను గాదు. రంగమ్మ బిడ్డను. సుజాతను."

ఆమె నవ్వబోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "రంగి ఏది మరి?"

"శ్రావణంల పోయింది."

వేళ్ళు నా గాజుల మీదికి పాకాయి. "మరి గాజులు?"

"అవి నావి. నాయన అమ్మకంటె ముందే పోయిండు."

అన్న గబగబా ఆమె వెనక్కి వచ్చి వీపు పట్టుకున్నాడు. ఆమె ఆయన్ని చేత్తో పక్కకు నెట్టింది. కళ్ళు నా మీద నిలిపినట్టే నిలిపి, ఒక్కొక్కటే అడిగింది. ఏం రోగం, ఎన్నాళ్ళు పడ్డది, ఆఖరికి ఏమన్న తిన్నదా, నోట్ల నీళ్ళు ఎవరు పోసిరి. నేను దాచకుండా చెప్పాను. రోగం సంగతి ఆమెకే చెప్పలేదని కూడా చెప్పాను. "గద్వాల తోల్కపో, మా అక్క తాన కూసోని వస్త" అన్న మాటా చెప్పాను. అది విన్నాక ఆమె ఇక అడగలేదు.

"లేపు నన్ను. నీళ్ళు పొయ్యి" అంది.

చావు కబురు ఎన్నాళ్ళకు తెలిసినా, తెలిసిన క్షణాన తల మీద నీళ్ళు పోసుకోవాలి. వదిన వేడినీళ్ళు పెట్టబోతే వద్దంది. కట్టిన చీరతోనే నల్లా దగ్గర బండ మీద కూర్చుంది. నేను చెంబుతో పోస్తుంటే ఏడుపు అందుకుంది. మా చెల్లె, నా చంకల పెరిగినదానా, నాకంటె ముందు పోతివా అని రాగం తీసి, పక్కిళ్ళవాళ్ళు వచ్చి గోడ మీంచి చూసేదాకా ఏడ్చింది. మా అమ్మ కోసం అలా ఏడ్చినవాళ్ళు ఎవరూ లేరు. మేం దవాఖాన బయట గొంతు నొక్కుకుని ఏడ్చాం.

ఆ రోజు ఆమె ఏమీ తినలేదు. అన్న నాతో మాట్లాడలేదు. పెద్దమ్మ పడుకుంటే మాటిమాటికీ వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి పోయాడు. చెప్పి మంచి పని చేశానని నాకు అప్పుడు అనిపించలేదు, ఇప్పటికీ గట్టిగా అనిపించదు.

పొద్దున్నే పెద్దమ్మ నన్ను పిలిచింది. కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"మొన్న 'ఏం కాదులే' అన్నది నువ్వేనా?"

"నేనే."

"రంగి ఉంటె అంటుండెనా గట్ల?"

అంటుండె అని చెబితే అయిపోయేది. నోటి దాకా వచ్చింది.

"నాకు తెల్వదు పెద్దమ్మా."

"అనకపోవు" అంది. "మొండిది. అయినా దానితోనే అనిపిచ్చుకునేదుండె. ఇగ ఎవరిని అడుగుదు?"

నేను తల వంచుకున్నాను. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నది నేనే. ఆమె నన్ను తప్పు పట్టలేదు. చెయ్యి చాచి నా గడ్డం పట్టుకుని పైకెత్తి, వేళ్ళతో మొహమంతా మెల్లగా తడిమింది. నుదురు, కనుబొమలు, చెంపలు.

"వచ్చినకాడి నుంచి నిన్ను సూడనేలేదు నేను. దాని పోలిక ఏం లేదు నీకు, గొంతొక్కటే. ముక్కు మీ నాయనది."

రైలుకు వేళవుతోందని వదిన లోపలి నుంచి అంది. పెద్దమ్మ వినిపించుకోలేదు. మంచం మీద జరిగి నాకు చోటిచ్చింది.

"కూసో. మరిది ఎట్ల పోయిండో చెప్పు. ఆయన కొరకు నేను ఇంకా ఏడవలే."